మన జిల్లా – మన జనం లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంచెం జంకాను. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నేను వ్రాసినవన్నీ నోట్ ఫైళ్ళు, డ్రాఫ్టులు, రిమైండర్లు. వాటి కింద సంతకం ఎప్పుడూ మరొకరిదే. 1973లో ఎల్.డి.సి.గా రెవిన్యూ శాఖలో చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన నాకు చరిత్ర వ్రాసే అర్హత ఏముంది అనుకున్నాను. కానీ ఒక్క విషయంలో మాత్రం నాలాటి గుమాస్తాకు చెప్పవలసినది కొంత ఉంది. అది మన శ్రీకాకుళం జిల్లా పరిపాలన, జిల్లా జనాభా లెక్క. ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధం నాకు ఉద్యోగంలో ఉండగా సరిగా అర్థం కాలేదు. దిగిన తర్వాతే బోధపడింది. మిత్రులు ఓపికతో చదవగలరు.

గీతలు మారిన జిల్లా

మన జిల్లా పుట్టినరోజు 1950 ఆగస్టు 15. అంతకు ముందు మనది విశాఖపట్నం జిల్లా. ఇంకా వెనక్కి వెళితే, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేవరకు ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో ఉండేది. అర్జీ పెట్టుకోవాలంటే మా తాతగారి కాలంలో అంతదూరం పోవలసి వచ్చేదని ఇంట్లో చెప్పుకునేవారు. అంతకు ముందు కాలంలో ఉత్తర సర్కారుల్లో ఒకటైన చికాకోల్ సర్కారుకు మన శ్రీకాకుళమే ముఖ్యపట్టణం. దొరలు చికాకోల్ అన్నా, కాగితాల్లో శ్రీకాకుళం అని వ్రాసినా, మన పల్లెల్లో అది ఎప్పుడూ సిక్కోలే.

1950లో ఏర్పడిన జిల్లా కూడా అలాగే నిలవలేదు. 1969లో సాలూరు, బొబ్బిలి తాలూకాలలోని కొన్ని గ్రామాలు కొత్తగా ఏర్పడిన గజపతినగరం తాలూకాలోకి పోయాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి తాలూకాలు మన నుంచి విడిపోయాయి. ఆ ఏడాది రికార్డుల పంపకం పని చేసినవారిలో నేనూ ఒకణ్ణి. ఏ ఫైలు ఎవరిదో తేల్చి, జాబితా వ్రాసి, కట్టలు కట్టి లారీ ఎక్కించేసరికి చేతులు పుళ్ళు పడ్డాయి. చివరగా 2022 ఏప్రిల్ 4న పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాకు పోయాయి. అప్పటివరకు ఉన్న 38 మండలాలలో మనకు 30 మిగిలాయి.

ఊళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి. నాగావళి, వంశధార ఉన్నచోటనే పారుతున్నాయి. మారినవి కాగితం మీద గీతలు. అయినా ఆ గీతలను బట్టే ఆసుపత్రి, కాలేజీ, కచేరీ ఎక్కడుండాలో నిర్ణయమవుతుంది. ఆ గీతలు గీయడానికి మొదట చూసేది జనం లెక్క.

రంగం వెళ్ళినవారు

మన జిల్లా జనం లెక్కలో మొదటినుంచీ ఒక చిక్కు ఉంది. అది వలస. కళింగపట్నం, బారువ రేవులనుంచి పడవలెక్కి రంగూన్‌కు పోయినవారు లేని ఊరు మన తీరంలో అరుదు. "రంగం ఎళ్ళిపోనాడు" అన్న మాట మా చిన్నతనంలో పెద్దవాళ్ళ నోట ఎన్నిసార్లు వినేవాళ్ళమో! అక్కడి ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో మనవాళ్ళు కూలి చేశారు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు వేలమంది అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగివచ్చారు. కొందరు దారిలోనే పోయారు. వారి పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు.

వలసకు కారణం అందరికీ తెలిసినదే. చెరువుల కింద, వాన మీద ఆధారపడిన ఒక్క పంట. కమతాలు చిన్నవి. పుష్యమాసంలో నూర్పులు అయిపోతే ఊళ్ళో పని ఉండదు. సంక్రాంతి పండుగ చేసుకుని మగవాళ్ళు మూటా ముల్లె సర్దుకుని బయలుదేరేవారు. రంగం పోయి విశాఖ వచ్చింది, తర్వాత హైదరాబాదు, మద్రాసు, గల్ఫు దేశాలు వచ్చాయి. మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ దాకా పోయి అక్కడి బోట్ల మీద పనిచేయసాగారు. 2018లో అలా వేటకు పోయి పాకిస్తాను వారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చినవారిలో మన జిల్లావాళ్ళు ఉన్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఇక జనాభా లెక్క ఎప్పుడు తీస్తారు? 1981, 1991, 2001, 2011 – ఈ నాలుగు సార్లూ ఫిబ్రవరి 9 నుంచి 28 వరకే తీశారు. మనవాళ్ళు ఊళ్ళో లేని నెల అది!

కరణంగారి పుస్తకం

నేను చేరిన రోజుల్లో తాలూకా కచేరీ అంటే ఒక చిన్న రాజ్యం. తహశీల్దారుగారి కింద డిప్యూటీ తహశీల్దార్లు, ఫిర్కాకొక రెవిన్యూ ఇన్‌స్పెక్టరు, గ్రామంలో కరణం, మునసబు, తలయారి. జమాబందీ వచ్చిందంటే కరణాలు తమ లెక్కల మూటలతో దిగేవారు. అడంగల్, చిట్టా, ఒకటో నంబరు లెక్క, పదో నంబరు లెక్క – ఇవన్నీ వసారాలో పరచి, అంకె అంకెకు టిక్కు పెట్టించుకునేవారు. జనన మరణాల రిజిస్టరు మునసబు దగ్గర ఉండేది.

ఆ వ్యవస్థ గొప్పదని నేను అనను. వంశపారంపర్యంగా ఒకే ఇంట్లో ఉద్యోగం తిరగడం, చదువురాని రైతు భూమి కరణం కలం మొన మీద ఆధారపడడం, చేతిలో ఏదో పెడితేగాని నకలు దొరకకపోవడం మనం కళ్ళారా చూసినవే. అందుచేత 1984 జనవరి 6న ఆర్డినెన్సు ద్వారా ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసినప్పుడు పల్లెల్లో చాలామంది సంతోషించారు. అందులో తప్పులేదు.

రికార్డులు స్వాధీనం చేసుకునే పని మాకు పడింది. నేను అప్పుడు పనిచేస్తున్న తాలూకా పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక ఊరి కరణంగారు, అప్పటికే డెబ్బై దాటినాయన, లెక్కలన్నీ శుభ్రమైన గుడ్డలో కట్టి అప్పగించారు. జాబితా ప్రకారం ఒక్కొక్కటి చూసి రసీదు వ్రాశాను. అన్నీ అయ్యాక ఆయన సంచిలోనుంచి అట్ట ఊడిన ఒక పొడుగు పుస్తకం తీశారు. ఆ ఊరినుంచి బయటికి పోయినవారి పేర్లు అందులో ఉన్నాయి. ఎవరి కొడుకు, ఏ ఏడు పోయాడు, ఎక్కడికి పోయాడు, తిరిగి వచ్చాడా, అక్కడే చనిపోయాడా – అన్నీ వరసగా వ్రాసి ఉన్నాయి. వారి తండ్రిగారి చేవ్రాలుతో మొదలైందట. మొదటి పేజీల్లో అందరికీ ఎదురుగా రంగం, రంగం అనే ఉంది.

"ఇది కూడా ఉంచండి బాబూ, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారాయన.

"ఇది గ్రామ లెక్కల జాబితాలో లేదండీ. రసీదు ఇవ్వడానికి కుదరదు" అన్నాను నేను.

ఆయన మారు మాట్లాడలేదు. పుస్తకం మళ్ళీ సంచిలో పెట్టుకుని లేచారు. నేను చెప్పినది రూలు ప్రకారం సరైనదే. కానీ ఆ పుస్తకం తర్వాత ఏమైందో తెలియదు. ఆయన పోయాక ఆ ఇల్లు కూడా పడిపోయింది. ఇన్నేళ్ళలో నేను రసీదు ఇచ్చిన కాగితాలు లెక్కలేనన్ని. ఇవ్వనిది మాత్రం ఈ ఒక్కటే గుర్తుంది.

తాలూకా పోయి మండలం వచ్చింది

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. సుమారు 35 వేలనుంచి 55 వేల జనాభాకు ఒక మండలం అన్నది అప్పటి పద్ధతి. తహశీల్దారు కుర్చీలో మండల రెవిన్యూ అధికారి కూర్చున్నారు. 1987లో ఎన్నికలై మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. ఆదాయ ధ్రువపత్రం కోసం తెల్లవారుజామున బండి కట్టుకుని తాలూకా కేంద్రానికి వచ్చి, పొద్దుపోతే కచేరీ అరుగు మీద పడుకునే రైతుకు నిజంగా మేలు జరిగింది. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా హర్షిస్తాను. కచేరీ జనానికి దగ్గరైంది.

కానీ ఒక లోటు ఏర్పడింది. మండలం దగ్గరైనా, ఊళ్ళో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని తెలిసిన మనిషి కచేరీ తరఫున ఊళ్ళో లేకుండా పోయాడు. కొత్తగా వచ్చిన గ్రామ సహాయకులకు రెండు మూడు ఊళ్ళు అప్పగించేవారు. తర్వాత 2002లో పంచాయతీ కార్యదర్శులు, 2007లో గ్రామ రెవిన్యూ అధికారులు, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. ప్రతిసారీ పేరు మారింది, రిజిస్టరు మారింది, తర్వాత రిజిస్టరు కంప్యూటరులోకి పోయింది. భూమి లెక్క ఒక విధంగా కుదుటపడింది. మనుషుల లెక్క పదేళ్ళకొకసారి వచ్చే ఉపాధ్యాయుల చేతిలో ఉండిపోయింది.

1991 ఫిబ్రవరి

1991 జనాభా లెక్కల సమయంలో నేను ఒక మండల కార్యాలయంలో ఆ సెక్షను చూస్తున్నాను. గణకులు బడిపంతుళ్ళు. వాళ్ళు తెచ్చిన ఫారాలు సరిచూడడం, కూడికలు వేయడం నా పని. రూలు ఇది: ఇంటి మనిషి అయినా, ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు పూర్తిగా ఊళ్ళో లేకపోతే ఆ ఇంట్లో వ్రాయకూడదు. ఎక్కడ ఉంటే అక్కడ వ్రాయాలి. మార్చి 1 సూర్యోదయానికి లెక్క సరిచూసుకోవాలి. ఒక మనిషి రెండుచోట్ల పడకూడదు గనుక రూలు న్యాయమైనదే.

ఒక సముద్రతీర గ్రామంలో పంతులుగారు ఊళ్ళో లేనివారిని కూడా వ్రాసేశారని తెలిసి నన్ను పంపారు. ఇల్లిల్లూ తిరిగి అడిగి, లేనివారి పేర్లు కొట్టివేస్తూ వచ్చాను. ఒక ఇంట్లో ముసలమ్మ ఒక్కతే ఉంది. ముగ్గురు కొడుకుల పేర్లు ఫారంలో ఉన్నాయి. ఒకడు హైదరాబాదులో తాపీ పని, ఇద్దరు వేరావల్‌లో వేట. మూడు పేర్లూ కొట్టేశాను. ఆమెకు చదువు రాదు కాని కలం గీత తెలుస్తుంది కదా!

"అదేటి బాబూ, అలా గీసేస్తన్నావు? మా గుంటలు బతికే ఉన్నారు కదేటి!" అంది.

రూలు చెప్పాను. వాళ్ళు ఉన్నచోట ప్రభుత్వంవారు వ్రాసుకుంటారని నచ్చజెప్పాను.

"పడవలో ఉన్నోడిని ఎవుల్రాస్తారు బాబూ?" అంది ఆమె.

నా దగ్గర జవాబు లేదు. పడవల మీద ఉన్నవారినీ లెక్కించడానికి ఏర్పాట్లు ఉంటాయి. కాగితం మీద అన్నిటికీ ఏర్పాట్లు ఉంటాయి. కానీ భాష తెలియని రేవులో, పగలూ రాత్రీ నీళ్ళ మీద ఉండే మనిషిని, ఇటుకల బట్టీ పక్కన పాక వేసుకున్న మనిషిని ఎంతమంది గణకులు వెతుక్కుంటూ వెళ్ళి ఉంటారు? ఆనాడు నేను కొట్టివేసిన పేర్లలో ఎన్ని మరోచోట ఎక్కాయో, ఎన్ని అసలు ఎక్కడా ఎక్కలేదో దేవుడికే తెలియాలి.

అంకెలు ఏమి చెబుతున్నాయి?

పదవీ విరమణ తర్వాత తీరికగా జనాభా లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పాత అలవాటు పోదు కదా! జిల్లా జనాభా 1981లో 19,59,352. 1991లో 23,21,126. 2001లో 25,37,593. 2011లో 27,03,114. మొదటి పదేళ్ళలో పెరుగుదల నూటికి పద్దెనిమిదికి పైన. తర్వాతి పదేళ్ళలో తొమ్మిదిన్నరకు లోపు. ఆ తర్వాత ఆరున్నర. ఆ చివరి పదేళ్ళలో ఉమ్మడి రాష్ట్రం పెరుగుదల దాదాపు పదకొండు.

ఇంకొక అంకె చూడండి. 2011లో మన జిల్లాలో పురుషులు 13,41,738, స్త్రీలు 13,61,376. అంటే స్త్రీలు 19,638 మంది ఎక్కువ. వెయ్యిమంది పురుషులకు 1,015 మంది స్త్రీలు. ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యికి 993 మందే. మన జిల్లాలో ఆడవారికి గౌరవం ఎక్కువ గనుక ఇలా ఉందని సభల్లో కొందరు చెప్పగా విన్నాను. అదీ కొంత నిజం కావచ్చు. ఆడవారి ఆయుర్దాయం ఎక్కువ కావడం కూడా ఒక కారణమే. కానీ ఊరి వీధిలో నడిచి చూసినవాడికి అసలు కారణం తెలుస్తుంది. మగవాడు ఊళ్ళో లేడు.

పెరుగుదల తగ్గడానికి వలస ఒక్కటే కారణం అనడం కూడా తప్పే. కుటుంబ నియంత్రణను మన జనం బాగా పాటించారు. దానికోసం మనమందరం కూడా పల్లెలు తిరిగినవాళ్ళమే. అది మంచిపనే. అయితే ఈ రెండూ కలిసి ఏమి చేశాయో వినండి.

మన జిల్లాకు 12 అసెంబ్లీ స్థానాలు ఉండేవి. 2001 జనాభా లెక్కల ప్రకారం నియోజకవర్గాల హద్దులు తిరగ వ్రాశారు. 2009 ఎన్నికలనాటికి మనకు మిగిలినవి 10. సోంపేట, హరిశ్చంద్రపురం, కొత్తూరు, ఉణుకూరు అన్న పేర్లు పోయాయి. పలాస, రాజాం కొత్తగా వచ్చాయి. రాష్ట్రం మొత్తం స్థానాలు 294 అలాగే ఉన్నాయి. అంటే మన దగ్గర తగ్గినవి మరొకచోట పెరిగాయి. హైదరాబాదు చుట్టూ ఉన్న రంగారెడ్డి జిల్లా స్థానాలు బాగా పెరిగి 14 అయ్యాయి. అక్కడి మేడలకు ఇటుక మోసినవారిలో మన సిక్కోలు వాళ్ళు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పనక్కరలేదు. వాళ్ళు అక్కడ లెక్కకు ఎక్కితే ఆ ఊరికి బలం. ఎక్కకపోతే ఎవరికీ బలం లేదు. వాళ్ళను కని పెంచిన ఊరికి మాత్రం రెండు విధాలా నష్టమే.

ఎవరూ మనకు అన్యాయం చేయాలని చేసినది కాదు ఇది. హద్దులు గీసినవారు తమ ముందున్న అంకెలను చూసి గీశారు. ఆ అంకెలను కూడినవాళ్ళం మనమే. ఆ ముసలమ్మ ఇంటి ముందు నేను గీసిన గీతకూ, తగ్గిన స్థానాలకూ సంబంధం ఉందని ఉద్యోగంలో ఉండగా నాకు తట్టలేదు. మనం వ్రాసే అంకె మన టేబులు దాటితే ఎక్కడిదాకా పోతుందో గుమాస్తాకు తెలియదు.

రాబోయే లెక్క

2021లో జరగవలసిన లెక్క కోవిడ్ కారణంగా వాయిదా పడింది. 2025 జూన్ 16న వచ్చిన నోటిఫికేషను 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించింది. ఈసారి కాగితం ఫారాలకు బదులు ఫోనులో వివరాలు నింపే పద్ధతి. ఎవరి వివరాలు వారే నమోదు చేసుకునే వీలు కూడా ఉంది. కులం కూడా వ్రాస్తారు. రాజ్యాంగంలోని ఏర్పాటు ప్రకారం శాసనసభ, లోకసభ స్థానాల సంఖ్యను తిరిగి సవరించడం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన మీద ఆధారపడి ఉంది. కనుక ఈ లెక్క మామూలు లెక్క కాదు.

అందుచేత తోటి పెన్షనరు సోదరులకు, సోదరీమణులకు నా మనవి ఇది. మనలో చాలామంది ఈ లెక్కలు తీసినవాళ్ళమే. రూలు మనకు తెలుసు. లేనివాణ్ణి ఊళ్ళో ఉన్నట్టు వ్రాయించమని నేను చెప్పను. అది తప్పు, ఆ పంతులుగారికి కూడా చిక్కు తెస్తుంది. కానీ హైదరాబాదులోనో, చెన్నైలోనో, వేరావల్‌లోనో ఉన్న మన పిల్లలకు, మన వీధి పిల్లలకు ఆ రోజుల్లో ఒక ఫోను చేద్దాం. "నిన్ను అక్కడ ఎవరైనా వ్రాసుకున్నారా? వ్రాసుకోకపోతే నువ్వే అడిగి వ్రాయించుకో" అని చెబుదాం. ఎక్కడైనా సరే, మనిషి ఒకచోట లెక్కలో ఉండాలి.

ఇంకొక చిన్న పని నేను మొదలుపెట్టాను. మనవడి పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని, మా ఊరినుంచి బయటికి పోయినవారి పేర్లు వ్రాస్తున్నాను. ఎవరి కొడుకు, ఏ ఏడు పోయాడు, ఎక్కడ ఉన్నాడు. సాయంత్రం రామాలయం అరుగు మీద కూర్చుంటే ఒక్కొక్కరు చెబుతుంటారు. మా వీధి ఒక్కటి వ్రాసేసరికే నాలుగు పేజీలు నిండాయి. ఈమధ్య ఆడపిల్లల పేర్లు కూడా పడుతున్నాయి. చదువుకుని బెంగుళూరు, అమెరికా పోయినవారు కొందరు, రొయ్యల షెడ్లలో పనికి పోయినవారు కొందరు.

ఈ పుస్తకం ఏ జాబితాలోనూ లేదు. దీనికి రసీదు ఎవరూ ఇవ్వరని నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు ఇవ్వనివాణ్ణి నేనే. అయినా వ్రాస్తున్నాను. మీలో ఓపిక ఉన్నవారు మీ మీ ఊళ్ళలో ఇలాటిది ఒకటి మొదలుపెడితే, ఆ కరణంగారి రుణం కొంతైనా తీరినట్టు భావిస్తాను.

సెలవు.